జూ, థీమ్ పార్క్ కలిసిన చోట రైడ్లు ఎక్కని పెద్దవాళ్లకీ అదే టికెట్టా?

శారద_తెనాలి (అట్లాంటా)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. సంక్రాంతికి ముందే తిరిగి వెళ్లిపోతారు. ఈలోగా డిసెంబర్‌లో కారులో ఫ్లోరిడా తీసుకెళ్దామనుకుంటున్నాం. నాన్నకి 68, అమ్మకి 63. పాపకి ఏడేళ్లు, బాబుకి రెండు నిండాయి.

నాన్న జీవితమంతా పాడి పశువులతోనే గడిపారు. ఇక్కడికి వచ్చాక కూడా టీవీలో జంతువుల కార్యక్రమం వస్తుంటే అన్నం కూడా అక్కడే కూర్చుని తింటారు. జూ, థీమ్ పార్క్ రెండూ ఒకేచోట ఉంటే పాప రైడ్లు ఎక్కుతుంది, నాన్న జంతువుల్ని చూస్తారు, అందరం కలిసే ఉంటాం కదా అనుకున్నాం. టాంపాలో బుష్ గార్డెన్స్, ఒర్లాండోలో డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ చూసి పెట్టుకున్నాం.

టికెట్ ధర చూశాకే ఆలోచనలో పడ్డాం. రెండు చోట్లా గేటు ధర మనిషికి వంద డాలర్లు దాటింది. నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చి, "మనిషికి పదివేలా? నేను రానమ్మా, మీరు వెళ్లి రండి" అన్నారు. అమ్మానాన్న రోలర్ కోస్టర్ వైపు కూడా వెళ్లరు. అయినా మా ఆయన కట్టే టికెట్టే వాళ్లకీ కట్టాలి. జంతువుల్ని మాత్రమే చూసేవాళ్లకి వేరే టికెట్ లేదా? లేకపోతే ఆ ధర పెట్టడం సబబేనా? వెళ్లి వచ్చినవాళ్లు వివరంగా చెప్పండి, ప్లీజ్.

రఘు_టాంపా

శారద గారూ, ముందుగా ఒక మాట. గేటు దగ్గర బోర్డు మీద ఉండే ధర చూసి భయపడకండి. బుష్ గార్డెన్స్‌కి ఆ ధర కట్టి లోపలికి వెళ్లేవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ కనిపించరు. వాళ్ల సొంత సైట్‌లో దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ఆఫర్ ఉంటుంది, ముందుగా కొంటే గేటు ధర కంటే బాగా తక్కువకి వస్తుంది. మీరు అడిగినట్టు జంతువుల వరకే వేరే టికెట్ మాత్రం లేదు. ఒకే గేటు, ఒకే టికెట్.

మీ బాబుకి మూడేళ్లు నిండలేదు కాబట్టి రెండు పార్కుల్లోనూ టికెట్ అక్కర్లేదు. అక్కడ ఒకటి మిగిలింది. ఫ్లోరిడాలో ఉండేవాళ్ల చిన్నపిల్లలకి ప్రీస్కూల్ కార్డ్ అని ఉచితంగా ఇస్తారు, మీరు జార్జియాలో ఉన్నారు కాబట్టి అది మీకు వర్తించదు.

టికెట్‌తో లెక్క అయిపోదు. పార్కింగ్ విడిగా కట్టాలి, అది తక్కువేం కాదు. తిండి లోపల కొనుక్కోవాల్సిందే. జిరాఫీలకి చేత్తో ఆకులు తినిపించే ట్రక్ సఫారీకి ఇంకో టికెట్. అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. అందుకే టికెట్ ధర ఒక్కటే పట్టుకుని రెండు పార్కుల్ని పోల్చకండి. రోజంతా ఎంతవుతుందో వేసుకోండి.

ఇక మీ అమ్మానాన్నల సంగతి. సెరెంగెటి ప్లెయిన్ అని 65 ఎకరాల మైదానం ఉంది. జిరాఫీలు, జీబ్రాలు, ఖడ్గమృగాలు తిరుగుతుంటాయి. దాని పక్క నుంచి ఆవిరి రైలు లాంటి రైలు వెళ్తుంది, అది టికెట్‌లోనే. కూర్చుని చూడొచ్చు, కావాలంటే రెండోసారి కూడా ఎక్కొచ్చు. గొరిల్లాలు, ఒరాంగుటాన్లు, పులులు, చిరుతలు, ఏనుగులు, హిప్పోలు అన్నీ ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చేది 2012లో తెరిచిన జంతువుల ఆసుపత్రి. డాక్టర్లు పరీక్షలు, ఆపరేషన్లు చేస్తుంటే అద్దాల వెనక నుంచి చూడొచ్చు. పశువులు పెంచిన మనిషిని అక్కడి నుంచి కదిలించడం కష్టం, చూస్తూ ఉండండి.

కాకపోతే పార్కు 300 ఎకరాలకి పైనే. నడక చాలా ఉంటుంది. వీల్‌చైర్ తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

అమీర్‌పేట్_నవీన్ (హైదరాబాద్)

శారద అక్కా, మీ నాన్నగారి బాధ నాకు అర్థమైంది. మా దగ్గర నెహ్రూ జూ టికెట్ 2025 మార్చిలో పెద్దవాళ్లకి 100, పిల్లలకి 50 చేశారు. దానికే ఇక్కడ ఎంత గొడవైందో! అంతకుముందు మామూలు రోజుల్లో 70 ఉండేది. 380 ఎకరాల జూ, 1963 నుంచి ఉంది, సింహాల సఫారీ బస్సుకి, టాయ్ ట్రైన్‌కి విడిగా కట్టుకోవాలి. అయినా నలుగురున్న కుటుంబం ఐదారు వందల్లో రోజంతా గడిపేసి రావచ్చు. మహబూబ్‌నగర్ నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి, అన్నం మూటలు చెట్టు కింద విప్పుకుని తినే కుటుంబాలు అక్కడ ప్రతి ఆదివారం కనిపిస్తాయి.

మన దేశంలో జూకి, అమ్యూజ్‌మెంట్ పార్కుకి ప్రభుత్వం గీత గీసింది. జూ టికెట్ మీద జీఎస్టీ లేదు. అమ్యూజ్‌మెంట్ పార్కు టికెట్ మీద 2017లో 28 శాతం వేశారు, 2018 జనవరిలో 18కి తగ్గించారు. జూ అంటే జనం చదువుకునే చోటు, రైడ్లంటే సరదా అన్నది దాని వెనక ఆలోచన. రావిర్యాల దగ్గర వండర్‌లాకి వెళ్లేవాడు దాని ధర తెలిసే వెళ్తాడు. జూకి వెళ్లేవాడి మీద ఆ ధర పడదు. రెండూ ఒకే గేటు వెనక పెడితే పేదవాడికి పులిని చూసే దారి మూసుకుపోతుంది. నాకు ఆ కలిపే పద్ధతే నచ్చదు.

పాత_లెక్కలు (ఫిలడెల్ఫియా)

నవీన్ గారి మాటకి కొంచెం చరిత్ర జోడిస్తాను. అమెరికాలోనూ మొదట్లో ఇలా లేదు.

బుష్ గార్డెన్స్ 1959లో తెరిచినప్పుడు అది బీరు ఫ్యాక్టరీ పక్కన ఒక తోట, అందులో కొన్ని పక్షులు. ప్రవేశం ఉచితం. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చేవాళ్లని మంచి చేసుకోవడానికి పెట్టారు. తర్వాత ఆఫ్రికా జంతువులు వచ్చాయి, ఆ తర్వాత కోస్టర్లు వచ్చాయి, టికెట్ కూడా వచ్చింది.

డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్ 1971లో తెరిచినప్పుడు గేటు దగ్గర పెద్దలకి మూడున్నర డాలర్లు. లోపల రైడ్లకి ఏ నుంచి ఈ వరకు కూపన్లు. చిన్న రైడ్‌కి ఏ, పెద్ద రైడ్‌కి ఈ. రైడ్ ఎక్కని అమ్మమ్మ ఆ మూడున్నరతో లోపలికి వెళ్లి మనవల్ని చూసుకుంటూ కూర్చోవచ్చు. 1982లో ఆ కూపన్లు ఎత్తేసి అందరికీ ఒకే టికెట్ చేశారు.

హెర్షీ సంగతి ఇంకా బాగుంటుంది. పెన్సిల్వేనియాలో చాక్లెట్ ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం 1906లో పార్కు పెట్టారు. ఊళ్లోవాళ్లు ఊరికే లోపలికి వెళ్లి ఎక్కిన రైడ్‌కి మాత్రం డబ్బు కట్టేవారు. 1971లో చుట్టూ కంచె వేసి ఒకే టికెట్ పెట్టారు. 1961లో టెక్సస్‌లో వచ్చిన సిక్స్ ఫ్లాగ్స్ మొదటి నుంచీ ఒకే టికెట్ పద్ధతిలో నడిచి లాభాలు చూపించాక మిగతావాళ్లందరూ అదే దారి పట్టారు. రైడ్ రైడ్‌కీ టికెట్ చింపే మనుషులక్కర్లేదు. వచ్చినవాళ్లు ఎక్కువసేపు ఉంటారు, ఎక్కువసేపు ఉంటే తింటారు.

శారద గారి అమ్మానాన్నల్లాంటి వాళ్ల గురించి ఆ రోజుల్లో ఎవరూ లెక్క వేయలేదు. ఫుల్ మీల్స్ హోటల్లో పెరుగన్నం మాత్రమే తినే పెద్దాయన కూడా పూర్తి డబ్బు కట్టినట్టు అయింది. దీన్ని సబబు అనడానికి నాకు నోరు రాదు.

ఒక్క మంచి సంగతి చెప్పాలి. హెర్షీలో జూకి ఇప్పటికీ విడిగా గేటు, విడిగా టికెట్ ఉన్నాయి. జూ అమెరికా అంటారు, 11 ఎకరాలు. పార్కు టికెట్ ఉన్నవాళ్లు వంతెన మీదుగా ఊరికే వెళ్తారు. జూ వరకే చాలనుకునేవాళ్లు వేరే వైపు నుంచి చాలా తక్కువ డబ్బుతో వెళ్తారు. చలికాలం కూడా తెరిచే ఉంటుంది. శారద గారు అడిగిన ఏర్పాటు అచ్చంగా ఇదే. చేయాలనుకుంటే చేయొచ్చని అక్కడ కనిపిస్తూనే ఉంది.

డాక్టర్_సుజాత (వెటర్నరీ)

నేను ఒక జూ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఊరు, పేరు చెప్పను. ఇప్పటిదాకా అందరూ టికెట్ కొనేవైపు నుంచి మాట్లాడారు. నేను జంతువు వైపు నుంచి మాట్లాడతాను.

రైడ్‌ని సాయంత్రం ఆపేసి తాళం వేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఏనుగుకి తాళం వేసి వెళ్లలేం. రోజుకి వంద కిలోలకి పైగా మేత కావాలి, కాళ్లు చూడాలి, గోళ్లు చెక్కాలి, నీళ్లు మార్చాలి, రాత్రి ఎవరో ఒకరు ఉండాలి. జనం వచ్చినా రాకపోయినా ఆ ఖర్చు ఆగదు. 2020లో కోవిడ్ వచ్చి పార్కులన్నీ మూసేసినప్పుడు రైడ్ల దగ్గర పనిచేసేవాళ్లని ఇళ్లకి పంపారు. మేము మాత్రం రోజూ వెళ్లాం. గేటు దగ్గర ఒక్క డాలరు రాని రోజుల్లో కూడా పులికి మాంసం రావాల్సిందే.

అందుకని "రైడ్లు ఎక్కనివాళ్లు రైడ్లకి డబ్బు కడుతున్నారు" అన్న మాట సగమే నిజం. కోస్టర్ కోసం వచ్చి జంతువుల వైపు తలతిప్పి చూడని కుర్రాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్ల టికెట్‌లో కొంత భాగం ఖడ్గమృగం మందులకి వెళ్తుంది. జంతువుల్ని మాత్రమే చూసేవాళ్లతోనే ఆ జంతువుల్ని పోషించాలంటే టికెట్ ఏమంత తగ్గదు. కాలిఫోర్నియాలో సాన్ డియాగో జూలో కోస్టర్లు లేకపోయినా టికెట్ తక్కువేం కాదు, చూడండి.

డబ్బు కట్టేముందు మీరు చూడాల్సింది ఇంకొకటి ఉంది. అమెరికాలో ఏజెడ్‌ఏ అని జూల సంఘం గుర్తింపు ఇస్తుంది. ఐదేళ్లకోసారి మళ్లీ మొదటి నుంచీ తనిఖీ చేస్తారు. బుష్ గార్డెన్స్‌కి, యానిమల్ కింగ్‌డమ్‌కి ఆ గుర్తింపు ఉంది. రోడ్డు పక్కన చవగ్గా అడవి జంతువుల పిల్లల్ని ఒళ్లో పెట్టి ఫొటో తీయించే చోట్లకి దయచేసి వెళ్లకండి. అక్కడ టికెట్ తక్కువగా ఉందంటే ఆ తగ్గింపు ఎవరి కడుపు కొట్టి ఇచ్చిందో ఆలోచించండి.

అమీర్‌పేట్_నవీన్

డాక్టర్ గారూ, మీ పని మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ కోస్టర్ శబ్దం పక్కన చిరుతని ఉంచడం దానికి మంచిదేనా? మా దగ్గర 1998లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించడం నిషేధించారు. 2013లో డాల్ఫిన్ షోలకి అనుమతి ఇవ్వొద్దన్నారు. జంతువుని వినోదం పక్కన పెట్టకూడదని మన ప్రభుత్వానికే అనిపించింది కదా. డబ్బు వస్తుందని రెండూ కలపడం సరైన దారి కాదని నా గట్టి నమ్మకం.

డాక్టర్_సుజాత (వెటర్నరీ)

మీ ప్రశ్న చాలా మంచిది, నవీన్ గారూ. శబ్దం వల్ల ఇబ్బంది పడే జంతువులు ఉన్నాయి, అలవాటుపడేవీ ఉన్నాయి. నేను ఏ జూకి వెళ్లినా ముందు చూసేది ఒకటే: జనానికి కనిపించకుండా లోపలికి వెళ్లిపోయే దారి ఆ జంతువుకి ఉందా? ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లగలదా? ఉంటే పక్కన రైడ్ ఉన్నా అది తన తిప్పలు తాను పడగలదు. లేకపోతే చుట్టూ ఎంత ప్రశాంతమైన అడవి ఉన్నా అది జైలే.

డాల్ఫిన్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. సముద్ర జంతువుల పార్కులు నడిపే సీవరల్డ్ కంపెనీ కూడా 2016లో ఓర్కాల్ని (కిల్లర్ వేల్స్‌ని) ఇక పుట్టించమని ప్రకటించింది. అది జనం అడిగి అడిగి తెచ్చిన మార్పు. 2023లో అబుదాబిలో సీవరల్డ్ కొత్త పార్కు తెరిచినప్పుడు అందులో ఓర్కాలు లేవు.

ఎడిసన్_మూర్తి

మా న్యూజెర్సీ సంగతి కూడా వినండి. జాక్సన్‌లో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్. 1974లో పెట్టిన రోజు నుంచీ పార్కు పక్కన 350 ఎకరాల సఫారీ ఉంది. చాలా ఏళ్లు మన కారులోనే లోపల తిరిగేవాళ్లం. బబూన్ కోతులు కారు మీదకి ఎక్కి అద్దాలు, వైపర్లు పీకేవి. మా పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా దాని గురించే చెప్పుకుంటారు. అప్పట్లో సఫారీ వరకే కావాలంటే అంతవరకే టికెట్ కొనుక్కునేవాళ్లం.

2013లో దాన్ని పార్కులో కలిపేశారు. కార్లు ఆపేసి వాళ్ల ట్రక్కుల్లో తిప్పారు. సఫారీ చూడాలంటే పార్కు టికెట్ కొనాల్సిందే. మా అత్తగారు, మామగారు ఊరి నుంచి వచ్చిన ఏడాది అదే ఇబ్బంది. వాళ్లకి కావాల్సింది సఫారీ. కట్టింది మొత్తానికి. మళ్లీ 2020లో కోవిడ్ వల్ల జనం గుమిగూడకూడదని సొంత కార్ల సఫారీ తిరిగి వచ్చింది. పెద్దవాళ్లకి ఇంతకంటే సుఖం ఇంకెక్కడా లేదు. ఏసీ, సొంత సీటు, ఫ్లాస్కులో టీ. నడక లేదు.

శారద గారూ, డిసెంబర్‌లో మా వైపు చలి, ఇది మీకు ఇప్పుడు పనికిరాదు. వేసవిలో పెద్దవాళ్లు వచ్చే ఎవరికైనా ఉపయోగపడుతుందని చెప్తున్నాను.

సీజనంతా ఎన్నిసార్లైనా వెళ్లనిచ్చే సీజన్ పాస్ గురించి ఒక జాగ్రత్త. రెండుసార్లు వెళ్తే పాస్ గిట్టుబాటు అని అందరూ చెప్తారు. లెక్క నిజమే. అయితే ఊరికి దూరంగా ఉండేవాళ్లు పాస్ ఉంది కదా అని మళ్లీ వెళ్తారు. పెట్రోలు, హోటల్, తిండి ఖర్చు మళ్లీ మొదలు. పాస్ అమ్మేవాళ్లు దాని మీదే బతుకుతారు. ఇంటికి గంట దూరంలో ఉన్నవాళ్లకే అది లాభం.

లావణ్య_సర్రే (ఇంగ్లండ్)

మాకు దగ్గర్లో చెసింగ్టన్ ఉంది. 1931లో జూగా మొదలైంది. 1987లో పక్కనే థీమ్ పార్క్ కట్టారు. ఇప్పుడు ఊళ్లో ఎవర్ని అడిగినా థీమ్ పార్క్ అనే చెప్తారు, జూ అని ఎవరూ అనరు. ముందే ఆన్‌లైన్‌లో కొంటే ఒక ధర, ఆ రోజు గేటు దగ్గర కొంటే చాలా ఎక్కువ. మేము ఎప్పుడూ పెద్దవాళ్లని చలికాలంలోనే తీసుకెళ్తాం. పెద్ద రైడ్లు ఆపేసి జూ తెరిచే రోజులు కొన్ని పెడతారు, అప్పుడు టికెట్ బాగా తక్కువ. జంతువులు అవే, జనం తక్కువ.

పన్ను సంగతి నవీన్ గారు చెప్పినట్టే ఇక్కడా ఉంది. చారిటీ నడిపే జూల టికెట్ మీద వ్యాట్ ఉండదు. కంపెనీ నడిపే థీమ్ పార్క్ టికెట్‌లో 20 శాతం వ్యాట్ ఉంటుంది. జూ దాని లోపలే ఉన్నా పన్ను తప్పదు.

కృష్ణవేణి (సెయింట్ లూయిస్)

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. మా ఊళ్లో జూ ఉచితం. 1916లోనే ఊరివాళ్లు ఓటు వేసి జూ కోసం పన్ను కట్టుకున్నారు. ఇప్పటికీ ఇంటి పన్నులో కొంత జూకి వెళ్తుంది. అందుకే టికెట్ లేదు. లోపల రైలు, కొన్ని ప్రత్యేక ప్రదర్శనలు కావాలంటే విడిగా కట్టుకుంటాం. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల జూ, షికాగోలో లింకన్ పార్క్ జూ కూడా ఉచితమే. వాషింగ్టన్‌లో పార్కింగ్ మాత్రం డబ్బులు, మెట్రోలో వెళ్లండి.

నవీన్ గారి మహబూబ్‌నగర్ కుటుంబానికి, ఇక్కడి ఉచిత జూకి నాకు తేడా కనిపించదు. రెండు చోట్లా ఊరంతా కలిసి మోస్తోంది.

రఘు_టాంపా

కృష్ణవేణి గారి మాట చూసి గుర్తొచ్చింది. శారద గారూ, అట్లాంటా జూ మెంబర్‌షిప్ ఉందా మీకు? ఏజెడ్‌ఏ జూల మధ్య ఒప్పందాలు ఉంటాయి. ఒక ఊరి జూ మెంబర్‌షిప్ చూపిస్తే చాలా ఊళ్ల జూల్లో సగం ధరకి లోపలికి పంపిస్తారు. బుష్ గార్డెన్స్, డిస్నీ అందులో లేవు. మా ఊళ్లో జూ టాంపా అని ఇంకో జూ ఉంది. అక్కడ గాయపడ్డ మనాటీలకి వైద్యం చేస్తారు. నీళ్లలో ఉండే పెద్ద సాధు జంతువు అది, మన ఎనుము అంత నెమ్మది. మీ నాన్నగారికి నచ్చుతుంది. చిన్నపిల్లల రైడ్లు కూడా కొన్ని ఉన్నాయి. ఖర్చు బుష్ గార్డెన్స్ గేటు ధర ముందు ఏమీ కాదు. వెళ్లేముందు మీ జూ పేరు వాళ్ల జాబితాలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

శారద_తెనాలి (అట్లాంటా)

ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ సుజాత గారి మాటలు నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "గొడ్డుకి మేత వేసేవాడికి ఇచ్చే డబ్బు వృథా కాదులే" అన్నారు. వస్తానని ఒప్పుకున్నారు!

ఇంకొక సందేహం. పాప డిస్నీ డిస్నీ అంటోంది. యానిమల్ కింగ్‌డమ్ అయితే మా ఐదుగురి టికెట్లు ఎంతవుతాయి? తగ్గించుకునే దారి ఏదైనా ఉందా?

మాధవి_ఒర్లాండో

శారదా, నేను ఇక్కడ పన్నెండేళ్లుగా ఉంటున్నాను. వచ్చిన ప్రతి చుట్టాన్నీ తిప్పేది నేనే.

డిస్నీలో టికెట్ ధర రోజుని బట్టి మారుతుంది. 2018 నుంచి అలాగే చేస్తున్నారు. 2022 చివర్లో పార్కుకో ధర కూడా పెట్టారు. నాలుగు పార్కుల్లో యానిమల్ కింగ్‌డమ్‌దే తక్కువ. అప్పుడు 109 నుంచి 159 డాలర్ల మధ్య ఉండేది, మ్యాజిక్ కింగ్‌డమ్ 124 నుంచి 189. ఇప్పుడు ఇంకొంచెం పెరిగింది. వాళ్ల క్యాలెండర్‌లో నీ తేదీకి ఎంతో కనిపిస్తుంది. క్రిస్మస్ వారం అన్నిటికంటే ఖరీదు, జనం కూడా కాలు పెట్టే సందు ఉండదు. స్కూలు సెలవులు మొదలయ్యేలోపు, డిసెంబర్ మొదటి వారాల్లో మంగళ, బుధవారాలు చూడు. పాపకి ఒకటి రెండు రోజులు స్కూలు పోయినా ఫర్వాలేదు.

పదేళ్లు నిండితే పెద్దల టికెట్. మీ పాపకి పిల్లల టికెట్ వస్తుంది గానీ తేడా కొద్దిగానే. వయసు మీద పడ్డవాళ్లకి తగ్గింపు అంటూ ఏమీ లేదు. అది నాకూ బాధే.

రైడ్ల సంగతి పక్కన పెట్టు. అక్కడ 110 ఎకరాల్లో కిలిమంజారో సఫారీ ఉంది. తెరిచిన లారీ లాంటి బండిలో ఇరవై నిమిషాల దాకా తిప్పుతారు. జిరాఫీ బండికి అడ్డంగా వచ్చి నిలబడితే డ్రైవర్ ఇంజిన్ ఆపి అది కదిలేదాకా ఆగుతాడు. ఏనుగులు, సింహాలు, ఖడ్గమృగాలు, అన్నీ కనిపిస్తాయి. గేటు తెరిచే టైముకి వెళ్లి ముందు అదే ఎక్కండి. పొద్దున జంతువులు చురుగ్గా ఉంటాయి. మధ్యాహ్నం మళ్లీ ఇంకోసారి ఎక్కొచ్చు, అదే టికెట్. పొద్దున్నే వెళ్తే లైన్ తప్పించే లైట్నింగ్ లేన్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. బాబు ఎక్కలేని రైడ్ల దగ్గర వాణ్ని పట్టుకుని మీలో ఒకరు బయట ఉంటే, రెండోవాళ్లు దిగాక లైన్‌లో మళ్లీ నిలబడకుండా ఎక్కనిచ్చే రైడర్ స్విచ్ ఉంది, అడుగు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అని హోటల్ ఉంది, 2001లో కట్టారు. దాని వెనక మైదానంలో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతాయి. అక్కడ ఉండక్కర్లేదు. రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేసుకుని వెళ్తే భోజనం అయ్యాక బయట నిలబడి ఎంతసేపైనా చూడొచ్చు. పార్కు టికెట్ అవసరం లేదు. మా మామగారు పార్కుకి రానంటే మేము అక్కడికే తీసుకెళ్లాం. ఆయన వెళ్లిన చోట్లన్నిటిలోకీ అదే ఇష్టం.

ఒక హెచ్చరిక కూడా. తక్కువకి ఇస్తామని రోడ్డు పక్కన, సోషల్ మీడియాలో అమ్మే టికెట్లు కొనకండి. మా ఫ్రెండ్ వాళ్లు ఒక వెబ్‌సైట్‌లో సగం ధరకి కొన్నారు. అవి ఎవరో కొంత వాడేసిన మల్టీ డే టికెట్లు. ఒకరు వాడిన టికెట్ ఇంకొకరు వాడకూడదని గేటు దగ్గర ఆపేశారు. పిల్లలు ఏడుస్తుంటే మళ్లీ పూర్తి ధర పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

పాత_లెక్కలు (ఫిలడెల్ఫియా)

మాధవి గారి లాడ్జ్ సలహా బ్రహ్మాండంగా ఉంది. శారద గారూ, నా మటుకు నాకు ఒకటే అనిపిస్తుంది. ఇంట్లో ఎంతమంది రెండూ వాడతారో లెక్క వేసుకోండి. ఐదుగురిలో మీ అమ్మానాన్న రైడ్లు ఎక్కరు. బుష్ గార్డెన్స్ అసలు బలం పెద్ద కోస్టర్లు, మీ పాప ఎత్తు వాటిలో చాలావాటికి సరిపోదు. యానిమల్ కింగ్‌డమ్‌లో మీరందరూ పక్కపక్కన కూర్చుని వెళ్లే సఫారీయే ముఖ్యమైన రైడ్. అందరూ వాడే టికెట్ అదొక్కటే. పదేళ్ల తర్వాత పాప కోస్టర్లు అడిగినప్పుడు టాంపా వెళ్దురుగాని.

రఘు_టాంపా

మా ఊరు రావద్దంటున్నారు గానీ, ఈసారి వారి మాటే సరైనది.

డాక్టర్_సుజాత (వెటర్నరీ)

నాదీ అదే ఓటు. డిస్నీ వాళ్లు 1995 నుంచి వన్యప్రాణుల కోసం ఒక నిధి నడుపుతున్నారు. ఆ పార్కు తెరిచింది కూడా 1998 ఏప్రిల్ 22న, ఎర్త్ డే నాడు. మీ నాన్నగారిని అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడించండి. జంతువుల దగ్గర నిలబడి ఉండేవాళ్లకి వాటి గురించి అడిగితే చాలా ఇష్టం. మీరు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్తే చాలు. పశువుల మనిషి అని తెలిస్తే వదలరు.

అమీర్‌పేట్_నవీన్

అక్కా, కలిపే పద్ధతి మీద నా అభిప్రాయం మారలేదు. కానీ పెద్దాయన వెళ్లాలి. తిరిగి వచ్చాక హైదరాబాద్‌లో దిగితే చెప్పండి, నెహ్రూ జూకి నేను తీసుకెళ్తాను.

శారద_తెనాలి (అట్లాంటా)

నిర్ణయం అయిపోయింది. డిసెంబర్ రెండో వారంలో బుధవారం, యానిమల్ కింగ్‌డమ్. ముందు రోజు రాత్రి లాడ్జ్‌లో భోజనం. బడ్జెట్ చూసుకుని బుష్ గార్డెన్స్ వదిలేశాం. నవీన్, నాన్న తప్పకుండా ఫోన్ చేస్తానన్నారు.

ఆఖరి ప్రశ్న. అమ్మ బయట తిండి తినదు, పూర్తి శాకాహారం. పార్కులోకి ఇంటి భోజనం తీసుకెళ్లనిస్తారా?

మాధవి_ఒర్లాండో

తీసుకెళ్లనిస్తారు, డిస్నీలో సమస్య లేదు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం అన్నీ తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు మాత్రం వద్దు, ఆవకాయ ఉంటే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. పెరుగన్నం చల్లగా ఉండాలంటే విడి ఐసు ముక్కలు వేయకండి, లోపలికి పంపరు. మళ్లీ గడ్డకట్టించుకునే ఐస్ ప్యాకులు వాడండి. బ్యాగు మరీ పెద్దది కాకుండా చూసుకో. పార్కింగ్ విడిగా కట్టాలి, అది కూడా బడ్జెట్‌లో వేసుకో. డిసెంబర్ పొద్దున సఫారీలో గాలి చల్లగా కొడుతుంది, పెద్దవాళ్లకి స్వెటర్లు మర్చిపోకు.